ఉండదలచినవారికి చోటు లేని సభ: అమెరికా రాష్ట్రాల్లో పదవీకాల పరిమితులు, శాసనసభ్యుల రాజకీయ జీవితాలు

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, శ్రద్ధతో వచ్చిన విద్యార్థులకు, మిత్రులకు నమస్కారం.

ఒక వ్యక్తి శాసనసభలో ఎన్నేళ్లు ఉండవచ్చునో చట్టమే నిర్ణయించాలా, లేక ఆ నిర్ణయాన్ని ప్రతి ఎన్నికలోనూ ఓటరుకే వదిలిపెట్టాలా అన్న ప్రశ్న మన దేశంలో అప్పుడప్పుడు తలెత్తి అంతలోనే సద్దుమణుగుతూ ఉంటుంది. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు మాత్రం 1990 నుంచి దీనికి సమాధానం చెప్పి, ఆ సమాధానంతో మూడు దశాబ్దాలకు పైగా జీవిస్తున్నాయి. పదవీకాల పరిమితి మంచిదా చెడ్డదా అన్న వాదనను ఈరోజు నేను ముందు పెట్టుకోలేదు. ఆ పరిమితి కిందకు వచ్చిన మనుషులకు ఏమైంది, వారు ఎక్కడి నుంచి వచ్చారు, సభలో ఉన్న కొద్ది కాలంలో ఏం చేశారు, గడువు తీరాక ఎటు వెళ్లారు అన్నది చూద్దాం. ఎందుకంటే ఈ చట్టాలను తెచ్చినవారు ప్రధానంగా మార్చదలచింది శాసనసభ్యుడి జీవితక్రమాన్నే. రాజకీయం బతుకుతెరువుగా మారిపోయిందనీ, దాన్ని తిరిగి కొద్దికాలపు ప్రజాసేవగా మార్చాలనీ వారి ఆశయం.

ఈ ఆశయం కొత్తది కాదు. 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం ప్రకారం ఏ వ్యక్తీ ఏడేళ్ల వ్యవధిలో నాలుగేళ్లకు మించి శాసనసభలో కూర్చోకూడదు. ఇప్పటి అమెరికా రాజ్యాంగానికి ముందున్న సమాఖ్య ఒడంబడికలో కూడా ఆరేళ్లలో మూడేళ్లకు మించి ప్రతినిధిగా ఉండరాదన్న నిబంధన ఉండేది. అప్పట్లో శాసనసభ్యుడంటే ఏడాదిలో కొన్ని వారాలు సభకు వచ్చి, మిగతా కాలం తన పొలమో వ్యాపారమో చూసుకునే మనిషి. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఆ చిత్రం మారింది. కాలిఫోర్నియా ప్రజలు 1966లో రాజ్యాంగాన్ని సవరించి తమ శాసనసభను ఏడాది పొడవునా పనిచేసే సంస్థగా మార్చారు. సభ్యులకు మంచి జీతాలు, నిపుణులైన సిబ్బంది, బడ్జెట్‌ను స్వతంత్రంగా లెక్కగట్టే కార్యాలయం సమకూరాయి. దేశంలోని మిగతా రాష్ట్రాలు ఆదర్శంగా చూసిన శాసనసభ అది.

అయితే అలాంటి సభలోకి వచ్చినవారు సహజంగానే అక్కడే ఉండిపోవాలనుకున్నారు. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎన్నికైన విల్లీ బ్రౌన్ 1980 చివర స్పీకరై, 1995 వరకు ఆ స్థానంలో కొనసాగారు. కమిటీలు, ఎన్నికల నిధులు, బిల్లుల తలరాతలు ఆయన చేతి మీదుగా సాగాయి. ఒహైయోలో వెర్న్ రిఫ్ 1975 నుంచి ఇరవై ఏళ్లపాటు స్పీకరుగా ఉన్నారు. మెయిన్ రాష్ట్రంలో జాన్ మార్టిన్ అదే 1975లో స్పీకరై 1994 వరకు ఉన్నారు. సిట్టింగ్ సభ్యులు పోటీ చేస్తే ఓడిపోవడం అరుదైపోయింది. నియోజకవర్గాల సరిహద్దులను చాలా రాష్ట్రాల్లో శాసనసభలే గీసుకోవడం దీనికి ఒక కారణం కాగా, విరాళాలు ఇచ్చేవారు గెలిచే అవకాశం ఉన్నవారి వైపే మొగ్గడం మరో కారణం. ఓటు వేసినా మార్పు రాదన్న నిస్పృహ ప్రజల్లో పేరుకుంది. ఆ నిస్పృహను నేను తేలిగ్గా తీసుకోను. పదవీకాల పరిమితిని విమర్శించే మేధావులు చాలామంది ఈ భాగాన్ని దాటవేస్తుంటారు, అది న్యాయం కాదు.

1990లో మూడు రాష్ట్రాల ప్రజలు నేరుగా ఓటు వేసి పరిమితి విధించారు. సెప్టెంబరులో ఓక్లహోమా, నవంబరులో కొలరాడో, కాలిఫోర్నియా. మూడింటి చట్టాలూ ఒక తీరువి కావు, ఆ తేడా తర్వాత చాలా ముఖ్యమైంది. ఓక్లహోమా రెండు సభల్లోనూ కలిపి పన్నెండేళ్లు అంది. కొలరాడో ఒక్కో సభలో వరుసగా ఎనిమిదేళ్లు అంది, అంటే విరామం తర్వాత తిరిగి రావచ్చు. కాలిఫోర్నియా ప్రజలు స్వల్ప ఆధిక్యంతో ఆమోదించిన 140వ ప్రతిపాదన అన్నిటికన్నా కఠినమైనది. దిగువసభ అయిన అసెంబ్లీలో రెండేళ్ల చొప్పున మూడు దఫాలు, ఎగువసభ అయిన సెనేట్‌లో నాలుగేళ్ల చొప్పున రెండు దఫాలు, ఆ తర్వాత జీవితాంతం ఆ సభకు దూరం. అంతటితో ఆగకుండా శాసనసభ ఖర్చులో భారీ కోత విధించింది, సభ్యుల పింఛను హక్కును తీసివేసింది. ఆ కోతతో బడ్జెట్ విశ్లేషణ కార్యాలయం, విధాన పరిశోధన విభాగాల నుంచి ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణులు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. కొత్త సభ్యులు రావడానికి ముందే, వారికి పని నేర్పగలిగినవారు ఖాళీ చేశారన్నమాట.

1992లో అరిజోనా, ఆర్కాన్సా, ఫ్లోరిడా, మిషిగన్, మిజోరి, మోంటానా, ఒహైయో, సౌత్ డకోటా వంటి రాష్ట్రాలు, 1993లో మెయిన్ ఈ దారి పట్టాయి. మసాచుసెట్స్, వాషింగ్టన్, ఆరెగన్, వయోమింగ్‌లలో కోర్టులు ఈ చట్టాలను కొట్టివేశాయి. ఐడహో, యూటా శాసనసభలు తామే రద్దు చేసుకున్నాయి. 2000లో నెబ్రాస్కా, 2022లో నార్త్ డకోటా చేరడంతో ఇప్పుడు 16 రాష్ట్రాల్లో పరిమితులు ఉన్నాయి. తమ ప్రతినిధులను దేశ రాజధాని వాషింగ్టన్ నుంచి కూడా ఇలాగే వెనక్కి పిలవాలని రాష్ట్రాలు ప్రయత్నించాయి గాని, ఆర్కాన్సా నుంచి వచ్చిన కేసులో 1995లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, సమాఖ్య చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులకు రాష్ట్రాలు కాలపరిమితి పెట్టజాలవని తేల్చింది. ఆ తీర్పు వల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. రాష్ట్ర శాసనసభలో ఆరేళ్లకు మించి ఉండలేని వ్యక్తి, వాషింగ్టన్‌కు వెళ్లగలిగితే ముప్పై ఏళ్లు ఉండవచ్చు. రాష్ట్ర సభ నుంచి పైకి చూసేవారికి ఇంతకన్నా స్పష్టమైన దారిగుర్తు ఏముంటుంది?

ఈ రాష్ట్రాల జాబితాను పరిశీలిస్తే మరో సంగతి తెలుస్తుంది. లూసియానా, యూటా వంటి ఒకటి రెండు చోట్ల తప్ప, ఇవన్నీ పౌరులు సంతకాలు సేకరించి నేరుగా బ్యాలెట్ మీదకు తెచ్చిన ప్రతిపాదనలు. అలాంటి అవకాశం లేని రాష్ట్రాల్లో పదవీకాల పరిమితి దాదాపు రాలేదు. శాసనసభ్యులు తమ కాలాన్ని తామే కుదించుకోరన్నది ఊహించదగిన విషయమే.

ఇక అసలు విషయానికి వద్దాం. శాసనసభకు వచ్చేవారి ఆశలను రాజకీయశాస్త్రం స్థూలంగా మూడు తీరులుగా చూస్తుంది. కొందరు ఒకటి రెండు దఫాలు సేవచేసి తమ వృత్తికి తిరిగి వెళ్లిపోదామనుకుంటారు. కొందరికి ఈ సభ పై పదవికి మెట్టు. ఇంకొందరు ఉన్నచోటనే ఉండి, ఒక రంగాన్ని లోతుగా నేర్చుకుని, అదే తమ జీవితకృషిగా భావిస్తారు. నీటి హక్కులు, కారాగారాల నిర్వహణ, పాఠశాలలకు నిధుల పంపిణీ వంటి విషయాల్లో ఒక సభకు జ్ఞాపకశక్తి అంటూ ఉంటే అది ఈ మూడో తీరువారి వల్లనే. పరిమితిని కోరినవారు రెండో తీరువారిని తొలగించి మొదటివారిని తెద్దామనుకున్నారు. ఆచరణలో తొలగిపోయింది మూడో తీరువారు, ఖాళీ అయిన చోటు నిండింది రెండో తీరువారితో. నేను ఈరోజు చెప్పదలచింది ప్రధానంగా ఇదే. వృత్తి రాజకీయవేత్త మాయం కాలేదు. ఒకేచోట నిలిచి పని నేర్చుకునే అవకాశం మాయమైంది.

కాలిఫోర్నియా అనుభవం దీన్ని చక్కగా చూపిస్తుంది. 140వ ప్రతిపాదనకు అసలు గురి విల్లీ బ్రౌన్ అని అందరికీ తెలిసిందే. ఆయన 1995లో శాన్‌ఫ్రాన్సిస్కో మేయరుగా ఎన్నికై ఎనిమిదేళ్లు ఆ నగరాన్ని పాలించారు. అంటే రాజకీయం నుంచి వెళ్లలేదు, భవనం మారారు. బర్కిలీ ప్రాంతం నుంచి 1976లో అసెంబ్లీకి వచ్చిన టామ్ బేట్స్‌ను 1996లో పరిమితి బయటకు పంపింది. జీవితకాల నిషేధం చెల్లదని ఆయన ఫెడరల్ కోర్టుకు వెళ్లారు, 1997లో అప్పీలు కోర్టు నిషేధాన్నే సమర్థించింది. తర్వాత 2002లో ఆయన బర్కిలీ మేయరై 2016 వరకు ఉన్నారు. అంతకుముందు అదే నగరానికి మేయరుగా చేసిన ఆయన భార్య లోనీ హ్యాంకాక్, 2002లో అసెంబ్లీకి వెళ్లి, ఆరేళ్ల గడువు తీరగానే సెనేట్‌కు మారి, అక్కడి ఎనిమిదేళ్లూ పూర్తిచేసి 2016లో విరమించారు. ఇద్దరూ సమర్థులే, వారిపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక ఇంటి నుంచి నగరపాలన, అసెంబ్లీ, సెనేట్ వరుసగా సాగడం మన ప్రాంతంలో వారికి ఆశ్చర్యం కలిగించదు గనుక ఈ ఉదాహరణ చెప్పాను. చట్టం వ్యక్తికి గడువు పెట్టగలిగింది గాని, రాజకీయ కుటుంబానికి, బృందానికి, పరిచయాల వలయానికి గడువు పెట్టలేకపోయింది.

హెర్బ్ వెస్సన్ 1998లో అసెంబ్లీకి ఎన్నికై, 2002లో స్పీకరై, 2004లో గడువు తీరి బయటకు వచ్చి, మరుసటి ఏడాదే లాస్ ఏంజెలెస్ నగరమండలిలో చేరి, చివరికి దానికి అధ్యక్షుడయ్యారు. ఆంటోనియో వియరైగోసా 1994లో అసెంబ్లీకి వచ్చి, 1998 నుంచి 2000 వరకు స్పీకరుగా ఉండి, నగరమండలి మీదుగా 2005లో లాస్ ఏంజెలెస్ మేయరయ్యారు. పూర్వం నగరమండలి నుంచి శాసనసభకు వెళ్లడం ఎదుగుదలగా లెక్క. పరిమితులు వచ్చాక దారి రెండువైపులా తెరుచుకుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీని నడిపే పర్యవేక్షక మండలిలో అయిదుగురే సభ్యులు, దాని కింద దాదాపు కోటి మంది జనాభా. ఆ అయిదు కుర్చీల కోసం రాష్ట్ర సెనేటర్లు పోటీ పడటం మామూలైపోయింది. తీరా అక్కడ కూడా 2002లో మూడు దఫాల పరిమితి వచ్చింది. కాబట్టి గడువు తీరేవారి ప్రవాహం కింది నుంచి పైకి, పై నుంచి పక్కకు ఆగకుండా సాగుతుంది. పదవీకాలం మధ్యలోనే మరో స్థానం ఖాళీ అయితే దానికి పోటీ చేయడం, అందువల్ల తన స్థానం ఖాళీ అయి ఉప ఎన్నిక రావడం, దాని ఖర్చు స్థానిక ఖజానా మోయడం కూడా ఇందులో భాగమైంది.

సభలో గడిపే కాలం స్వభావం కూడా మారింది. ఆరేళ్లలో మొదటి ఏడాది పద్ధతులు తెలుసుకోవడానికే సరిపోతుంది. చివరి రెండేళ్లలో సభ్యుడి దృష్టి తర్వాతి ఎన్నిక మీద ఉంటుంది, పక్క స్థానంలో ఉన్న సహచరుడే అప్పటికి ప్రత్యర్థి అయి ఉంటాడు. మిగిలిన నడిమి మూడేళ్లలోనే కమిటీ అధ్యక్షుడు కావాలి, నాయకత్వం దక్కించుకోవాలి, పేరు నిలిచే చట్టం తేవాలి. ఫాబియన్ నూన్యెస్ 2002 నవంబరులో తొలిసారి ఎన్నికై, 2004 ఫిబ్రవరిలోనే స్పీకరయ్యారు. దేశంలోనే అత్యధిక జనాభా గల రాష్ట్రపు దిగువసభకు మొదటి దఫా ఇంకా పూర్తికాని సభ్యుడు నాయకుడయ్యాడు. ఆయన తర్వాత 2008లో కేరెన్ బాస్ ఆ పదవిలోకి వచ్చారు. అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభకు స్పీకరైన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమె. అసెంబ్లీకి వచ్చి నాలుగేళ్లు అయ్యేసరికి ఆమెకు నలభై బిలియన్ డాలర్లకు పైబడిన బడ్జెట్ లోటు ఎదురైంది. ఇరుపక్షాల నేతలతో కలిసి ఆమె కుదిర్చిన ఒప్పందానికి జాతీయస్థాయి గుర్తింపు లభించింది. అయినా 2010కి ఆమె గడువు తీరింది. కాంగ్రెస్‌కు వెళ్లి, 2022లో లాస్ ఏంజెలెస్ మేయరుగా ఎన్నికయ్యారు. ఇలాంటి సంక్షోభాన్ని ఒకసారి దాటిన మనిషి తర్వాతి సంక్షోభానికి అదే సభలో అందుబాటులో లేకపోవడం ఎంత నష్టమో, ప్రభుత్వ లెక్కలతో కుస్తీపట్టిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఫ్లోరిడాలో ఈ తొందర మరో రూపం తీసుకుంది. అక్కడ ప్రతినిధుల సభలో ఎనిమిదేళ్ల పరిమితి ఉంది. కొత్తగా ఎన్నికైన బృందం సభకు వచ్చిన తొలి రోజుల్లోనే, తమ చివరి రెండేళ్లలో స్పీకరు ఎవరు కావాలన్నదానిపై హామీపత్రాలు సేకరించుకోవడం మొదలవుతుంది. 2000లో ఎన్నికైన మార్కో రూబియో 2006లో స్పీకరు కావడం అంతకు కొన్నేళ్ల ముందే తోటి సభ్యుల హామీలతో ఖాయమైంది. ఒక సభ్యుడి పాండిత్యం, నిబద్ధత, తీర్పు ఎలాంటివో తోటివారు చూసి తెలుసుకోకముందే నాయకత్వం నిర్ణయమైపోయే పద్ధతి ఇది.

మిషిగన్ వైపు చూస్తే అంకెలే మాట్లాడతాయి. 1992లో ఆ రాష్ట్రం ప్రతినిధుల సభకు ఆరేళ్లు, సెనేట్‌కు ఎనిమిదేళ్లు, జీవితకాల నిషేధంతో పరిమితి పెట్టుకుంది. అది తొలిసారి అమలైన 1998లో 110 మంది ప్రతినిధుల్లో 64 మంది ఒక్కసారిగా వెళ్లిపోవలసి వచ్చింది. 2002లో 38 మంది సెనేటర్లలో 27 మంది వెళ్లిపోయారు. అక్కడి సెనేట్ స్థానాలన్నిటికీ ఒకే ఏడాది ఎన్నిక జరుగుతుంది కనుక, ఎనిమిదేళ్లకోసారి దాదాపు సభంతా కొత్తదయ్యే ప్రమాదం ఏర్పడింది. 1999 నుంచి 2022 వరకు, ఈ 24 ఏళ్లలో మిషిగన్ ప్రతినిధుల సభకు తొమ్మిది మంది స్పీకర్లు మారారు, ఎవరూ నాలుగేళ్లకు మించి లేరు. వాహన పరిశ్రమ కుప్పకూలి, రాష్ట్ర ఆదాయం పడిపోయి, డెట్రాయిట్ నగరం 2013లో దివాలా దరఖాస్తు పెట్టుకున్న కాలం కూడా ఇందులోనే ఉంది. ఆ కష్టాలకు పదవీకాల పరిమితే కారణమని నేను అనను, అలా అనడం అతి అవుతుంది. అయితే అలాంటి సమయంలో రాష్ట్ర శాసనసభలో పాత లెక్కలు తెలిసినవారు లేకపోవడం చిన్న విషయం కాదు.

పరిశోధకులు ఈ రాష్ట్రాల శాసనసభ్యులను, అధికారులను ఏళ్ల తరబడి ప్రశ్నించి తేల్చిన విషయాల్లో ఒకదానిపై దాదాపు ఏకాభిప్రాయం ఉంది. పరిమితులు వచ్చినచోట శాసనసభ బలహీనపడి, గవర్నరూ కార్యనిర్వాహక శాఖలూ బలపడ్డాయి. దీనికి కారణం సులువుగా అర్థమయ్యేదే. ఒక శాఖ కార్యదర్శి కమిటీ ముందుకు వచ్చి, ఈ పథకానికి ఇంత సొమ్ము కావాలంటాడు. పన్నెండేళ్లుగా ఆ కమిటీలో కూర్చున్న సభ్యుడైతే, అయిదేళ్ల క్రితం ఇదే మాట చెప్పి తీసుకున్న సొమ్ము ఏమైందని అడుగుతాడు. రెండేళ్ల క్రితం వచ్చిన సభ్యుడికి ఆ ప్రశ్న తట్టడానికే ఆధారం ఉండదు. ఖర్చుల పర్యవేక్షణ అనే పనికి ఓట్లు రాలవు, వార్తల్లో పేరు రాదు, ఫలితం కనిపించేసరికి గడువు తీరిపోతుంది. అందుకే తక్కువ కాలం ఉండేవారు కొత్త బిల్లుల వైపు మొగ్గుతారు, పాత చట్టాల అమలును తరచి చూసేవారు తగ్గిపోతారు. సంస్థల తరఫున శాసనసభ్యులను తమవైపు తిప్పుకునే పనిచేసే లాబీయిస్టుల విషయంలో చిత్రం కొంత సంక్లిష్టం. కొత్తవారు సమాచారం కోసం వారిపై ఎక్కువగా ఆధారపడ్డారన్న ఫిర్యాదు గట్టిగా ఉంది. అయితే ఏళ్ల తరబడి ఒకే నాయకుడితో బంధం పెంచుకున్న పాతతరం లాబీయిస్టులకు ప్రతి రెండేళ్లకూ కొత్త ముఖాలతో మొదలుపెట్టాల్సి రావడం కూడా జరిగింది. గడువు తీరిన సభ్యులే ఆ వృత్తిలోకి వెళ్లడం మాత్రం అన్ని రాష్ట్రాల్లోనూ కనిపించేదే.

మహిళలకు, అల్పసంఖ్యాక వర్గాలకు దారులు తెరుచుకుంటాయన్న వాగ్దానం కొంతవరకే నెరవేరింది. కాలిఫోర్నియాలో 1996లో క్రూజ్ బుస్తమాంతె స్పీకరు కావడం, లాటినో సభ్యుల సంఖ్య పెరగడం నిజమే. జనాభా మార్పులు, నియోజకవర్గాల పునర్విభజన తేబోతున్న మార్పును ఖాళీ అయిన స్థానాలు కొంత వేగవంతం చేశాయి. మహిళల విషయంలో మాత్రం నిరాశే మిగిలింది. పరిమితి బయటకు పంపిన మహిళల స్థానాల్లోకి మహిళలే వస్తారన్న హామీ ఎక్కడా లేదు. కుర్చీ ఖాళీ కావడం వేరు, అందులో కూర్చోవడానికి నిధులు, పార్టీ మద్దతు, కుటుంబ సహకారం ఉన్న అభ్యర్థి సిద్ధంగా ఉండటం వేరు.

గడువు తీరినవారు తిరిగి వచ్చే వీలున్నచోట ఏం జరిగిందో చూడటం కూడా అవసరం. మెయిన్‌లో జాన్ మార్టిన్ మీద వ్యతిరేకత పరిమితికి ఓట్లు తెచ్చిన కారణాల్లో ఒకటి. ఆ చట్టం ఒక్కో సభలో వరుసగా ఎనిమిదేళ్లు మాత్రమే అంటుంది. ఆయన దిగువసభ నుంచి కాస్త విరామంతో 2000లో సెనేట్‌కు, 2008లో మళ్లీ దిగువసభకు మారుతూ దశాబ్దాలు కొనసాగారు. ఒహైయోలో లారీ హౌస్‌హోల్డర్ 2001 నుంచి 2004 వరకు స్పీకరుగా ఉండి, పరిమితి వల్ల వెళ్లిపోయి, 2016లో తిరిగి ఎన్నికై, 2019లో మళ్లీ స్పీకరై, విద్యుత్ సంస్థకు మేలుచేసే చట్టం కోసం లంచం తీసుకున్న కేసులో 2023లో దోషిగా తేలారు. అవినీతికి కాలపరిమితి మందు అనుకునేవారు ఈ కేసు కాగితాలను ఓపికగా చదవాలి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నెబ్రాస్కా. దేశంలో ఒకే సభ ఉన్న రాష్ట్రం అదొక్కటే, సభ్యులు 49 మంది, ఏడాది జీతం 12,000 డాలర్లు. అక్కడ గడువు తీరితే వెళ్లడానికి రెండో సభ లేదు. ఉత్తర ఒమాహా నుంచి ఎర్నీ చేంబర్స్ 1970లో ఎన్నికై 38 ఏళ్లు ఆ సభలో ఉన్నారు. చాలాకాలం ఆ సభలో ఆయనొక్కరే నల్లజాతి సభ్యుడు. అక్కడి పరిమితి ఆయన్ని పంపించడానికే వచ్చిందని చాలామంది నమ్ముతారు. సభా నియమాలను ఆయనంత తెలిసినవారు లేరు. మరణశిక్ష రద్దు బిల్లును ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టారు. 2009లో గడువు తీరి వెళ్లిపోయి, నాలుగేళ్ల తర్వాత తిరిగి గెలిచి వచ్చారు. 2015లో ఆ సభ మరణశిక్షను రద్దు చేసి, గవర్నరు వీటోను కూడా అధిగమించింది. మరుసటి ఏడాది ప్రజలు ఓటు వేసి శిక్షను పునరుద్ధరించారన్నదీ నిజమే. ఆ విషయంపై మన అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒక అంశాన్ని నలభై ఏళ్లు పట్టుకుని వేలాడే సభ్యుడు ఏ సభకైనా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. మెజారిటీకి ఇష్టం లేని మాటను మోసేవాడికి కాలమే బలం. ఆరేళ్ల గడువులో అలాంటివాడు తయారు కాడు.

పరిమితి లేని రాష్ట్రాల్లో మనవారి అనుభవం ఒకటి ఇక్కడ చెప్పడం సముచితం. నెల్లూరులో పుట్టిన ఇంజనీరు ఉపేంద్ర చివుకుల 2002 నుంచి 2014 వరకు న్యూజెర్సీ అసెంబ్లీలో ఉన్నారు. ఆ రాష్ట్రంలో శాసనసభ్యులకు కాలపరిమితి లేదు. టెలికమ్యూనికేషన్లు, విద్యుత్ తదితర సేవల కమిటీకి ఆయన అధ్యక్షత వహించారు, సౌరవిద్యుత్ చట్టాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు, ఆ తర్వాత రాష్ట్ర ప్రజోపయోగ సేవల నియంత్రణ మండలిలో కమిషనరుగా నియమితులయ్యారు. విద్యుత్ ధరల నిర్ణయం, గ్రిడ్ అనుసంధానం వంటి సాంకేతిక విషయాల్లో శాసనసభ్యుడి మాటకు విలువ రావాలంటే ఆయన అక్కడ కొన్నేళ్లు కూర్చుని ఉండాలి. పన్నెండేళ్లు ఆయనకు ఆ అవకాశం ఇచ్చాయి.

పన్నెండు అన్న ఆ సంఖ్య దగ్గరకే కాలిఫోర్నియా, మిషిగన్ కూడా చివరికి చేరుకున్నాయి. ఎలా చేరుకున్నాయన్నది ఆసక్తికరం. 2002లో పరిమితిని సడలించే 45వ ప్రతిపాదనను కాలిఫోర్నియా ప్రజలు తిరస్కరించారు. 2008లో వచ్చిన 93వ ప్రతిపాదన మొత్తం కాలాన్ని 14 ఏళ్ల నుంచి 12కు తగ్గిస్తూ, ఆ పన్నెండేళ్లనూ ఒకే సభలో గడపవచ్చునంది. కానీ అప్పుడు పదవిలో ఉన్న నాయకులకు కూడా అదనపు కాలం దక్కేలా రాశారు. ప్రజలు దాన్నీ తిరస్కరించారు. 2012 జూన్‌లో దాదాపు అదే పన్నెండేళ్ల సూత్రంతో 28వ ప్రతిపాదన వచ్చింది. ఈసారి అది కొత్తగా ఎన్నికయ్యేవారికే వర్తిస్తుందని స్పష్టంగా రాశారు. పదిమందిలో ఆరుగురు ఆమోదించారు. ఓటర్లకు విషయం అర్థం కాదని ఎవరన్నా అంటే ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూపించాలని నాకు అనిపిస్తుంది. సభ్యులకు అనుభవం అవసరమని ప్రజలు ఒప్పుకున్నారు, ఆ పేరుతో ఉన్నవారు తమ కాలాన్ని పొడిగించుకోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఫలితం సభ్యుల జీవితాల్లో వెంటనే కనిపించింది. 2012లో కొత్త నియమం కింద ఎన్నికైన తొలి బృందంలోని ఆంథొనీ రెండన్ 2016లో స్పీకరై 2023 వరకు ఉన్నారు. విల్లీ బ్రౌన్ తర్వాత అంతకాలం ఆ స్థానంలో ఉన్నవారు లేరు. అసెంబ్లీ నుంచి సెనేట్‌కు దూకే ఒత్తిడి తగ్గింది, ఎందుకంటే దూకినా మొత్తం కాలం పెరగదు. మిషిగన్ 2022లో ఇదే బాట పట్టి, రెండు సభల్లోనూ కలిపి పన్నెండేళ్లుగా మార్చుకుంది. దానితోపాటు శాసనసభ్యులు, ఉన్నత పదవుల్లో ఉన్నవారు ఏటా తమ ఆర్థిక వివరాలు వెల్లడించాలన్న నిబంధనను కూడా చేర్చడంతో మూడింట రెండు వంతుల ఓటర్లు ఆమోదించారు. ఆర్కాన్సా మాత్రం ఊగిసలాడింది. 2014లో పదహారేళ్లకు పెంచి, 2020లో వరుసగా పన్నెండేళ్లకు తగ్గించి, నాలుగేళ్ల విరామం తర్వాత తిరిగి వచ్చే వీలు కల్పించింది. ఈ అనుభవాలన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. పరిమితి ఉండటం, లేకపోవడం కన్నా అది ఎంత పొడవున్నది, ఒకే సభలో గడిపే వీలు ఇస్తుందా లేదా అన్నవే శాసనసభ్యుడి ప్రవర్తనను ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఓక్లహోమా 1990లోనే ఆ సూత్రాన్ని రాసుకుంది, మిగతావారు దాన్ని చేరుకోవడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు దీనిలో వర్తించేది ఏమిటని మీరు అడగవచ్చు. అమెరికా సంస్కర్తలు వైద్యం చేయదలచిన జబ్బు మనకు ఆ రూపంలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175 స్థానాలకు 151 గెలిచిన పార్టీ 2024లో 11కు పడిపోయింది. సిట్టింగ్ సభ్యుడిని ఓడించడానికి మన ఓటరుకు చట్టం సాయం అవసరం లేదు. అయితే పదవీకాల పరిమితి వంటిదే ఒకటి మన గ్రామ పంచాయతీల్లో ఇప్పటికే పనిచేస్తోంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత రిజర్వేషన్లు రొటేషన్ పద్ధతిలో మారుతున్నాయి. మహిళకు రిజర్వైన స్థానంలో సర్పంచిగా గెలిచి, అయిదేళ్లలో నిధుల లెక్కలు, మండల కార్యాలయంతో వ్యవహారం, గ్రామసభ నిర్వహణ నేర్చుకున్న స్త్రీకి, తర్వాతి ఎన్నికకు ఆ స్థానం జనరల్ అయిపోతే మళ్లీ నిలబడే అవకాశం దొరకడం కష్టమవుతుంది. ఇక్కడ గడువు పడేది స్థానం మీద, వ్యక్తి మీద కాదు. ఆ స్త్రీ జీవితంలో ఫలితం మాత్రం మిషిగన్ ప్రతినిధికి ఎదురైనదే.

ఈ విషయం త్వరలో శాసనసభల దాకా రాబోతోంది. లోక్‌సభలోనూ రాష్ట్రాల శాసనసభల్లోనూ మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయిస్తూ 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ, ఆ స్థానాలు నియోజకవర్గాల పునర్విభజన జరిగిన ప్రతిసారీ మారాలని చెబుతోంది, వివరాలను పార్లమెంటు చేసే చట్టానికి విడిచిపెట్టింది. ఒక మహిళా శాసనసభ్యురాలు ఒకే నియోజకవర్గం నుంచి ఎన్ని దఫాలు నిలబడగలుగుతుంది, అంచనాల కమిటీలోనో ప్రజాపద్దుల కమిటీలోనో పట్టు సాధించేంత కాలం ఆమెకు దక్కుతుందా, రొటేషన్లో స్థానం మారినప్పుడు ఆమెకు జనరల్ స్థానంలో టికెట్ ఇవ్వాల్సిన బాధ్యత పార్టీలపై ఏమైనా ఉంటుందా అన్నవి ఆ చట్టం తేల్చాలి. ఆ వ్యవధి ఒకే దఫాకు కుదించుకుపోతే, సభలో మహిళల సంఖ్య పెరిగినా వారిలో సీనియర్లు మాత్రం తయారు కారు, కమిటీల పగ్గాలు ఎప్పటిలాగే రొటేషన్ తాకని స్థానాల నుంచి వచ్చిన పురుషుల చేతుల్లోనే ఉంటాయి. కనీసం రెండు మూడు దఫాలు వరుసగా ఒకే స్థానం రిజర్వై ఉండేలా రాయాలని నా విన్నపం. ఆ ముసాయిదా రాకముందే హైదరాబాదులోనూ అమరావతిలోనూ శాసనసభలు దీనిపై చర్చించాలని కోరుతున్నాను. నమస్కారం.